కూఅ: పుంలింగం, ఏకవచనం

1968 నవంబర్ పన్నెండు, మంగళవారం. ఉదయం పదకొండు గంటలకి బాన్ యూనివర్సిటీ ఎదురుగా ఉన్న పార్కులో ఒక మనిషి బెంచీ మీద కూర్చుని చచ్చిపోయాడు.

కూర్చునే పోయాడు కాబట్టి ఎవరూ గమనించలేదు. చలిలో కదలకుండా కూర్చుంటే ఊపిరితిత్తులకి మంచిదని జర్మన్లకి ఒక నమ్మకం. అటుగా వెళ్ళిన ముసలాయన ఒకడు ఆ శవాన్ని చూసి మెచ్చుకోలుగా తల కూడా ఊపాడు.

పదకొండున్నరకి ఏజెంట్ జగన్మోహన్ వచ్చి అదే బెంచీకి రెండో కొసన కూర్చున్నాడు. వయసు ముప్ఫై నాలుగు. ఊరు తెనాలి. జర్మనీకి వచ్చి అయిదేళ్ళు. పైకి భారత ఎంబసీ లైబ్రరీలో అసిస్టెంటు. లోపల సీక్రెట్ సర్వీసులో కూడా అసిస్టెంటే.

చచ్చిపోయినవాడి పేరు లిండ్నర్. ఫొటోగ్రాఫర్. ఒక విదేశీ ముఠాకి మైక్రోఫిల్ములు తీసిపెట్టేవాడు. మనస్సు మారి, ఇవాళ మనవాళ్ళకి అంతా చెప్పేస్తానన్నాడు.

జగన్మోహన్ ఇరవై నిమిషాలు ఎదురుచూశాడు. పెద్దాయన ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నాడు, మధ్యలో కదిలిస్తే ఏమనుకుంటాడో అని సంకోచించాడు. శవం పక్కన అంతసేపు అంత మర్యాదగా కూర్చున్న ఏజెంటు మన సర్వీసులో ఇంకొకడు లేడు.

చివరికి చూస్తే, లిండ్నర్ ఒళ్ళో ఫ్లాస్కు మూత ఉంది. అందులో అడుగున రెండు చుక్కల కాఫీ. కోటు జేబులో ఒక చీటీ, చీటీలో ఒకటే మాట. సి, యు, ఎమ్, హెచ్, ఎ.

* * *

ఎంబసీ గోడలకి చెవులుంటాయి కాబట్టి బ్రీఫింగులన్నీ చీఫ్ కోటేశ్వరరావు గారి వంటింట్లో జరిగేవి. వంటింటి గోడలకీ చెవులుంటాయి కాబట్టి ఆయన భార్య సుభద్ర ప్రెషర్ కుక్కర్ పెట్టేది. టాప్ సీక్రెట్ విషయాలు విజిల్ మోగుతున్నప్పుడే చెప్పాలి. ఒక్కో విజిల్ ఆరు సెకన్లు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆ బిల్డింగులో చప్పుడు చెయ్యకూడదని రూలు. కింది ఫ్లాట్ ఆవిడ ఇప్పటికే రెండుసార్లు కంప్లయింట్ రాసింది. అందువల్ల భారతదేశ రహస్యాలన్నీ ఒంటిగంట లోపే తేలాలి.

జగన్మోహన్ వంటింట్లోనే వేసిన సోఫాలో కూర్చున్నాడు. కొని నాలుగేళ్ళయినా దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

"అబ్బాయ్, ఆ ముఠా చేతిలో..." అని కోటేశ్వరరావు ఆగాడు. విజిల్ రాలేదు. "సుభద్రా, ఏమయిందే?"

"పప్పండీ. లండన్ నుంచి తెప్పించింది కదా, అక్కడి మనుషుల్లాగే మొండిది. ఉడకద్దూ?"

విజిల్ వచ్చింది. కోటేశ్వరరావు ముందుకి వంగాడు.

"పదకొండుమంది పేర్లున్నాయి. ఈ దేశంలో చప్పుడు లేకుండా మనకి పనిచేసేవాళ్ళు. ఇంటి అడ్రసులతో సహా."

విజిల్ ఆగింది.

"ఏవయ్యా, మీ నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"అలాగే ఉన్నాయి సార్."

విజిల్. "అంతా ఒక మైక్రోఫిల్ము ముక్క మీదుంది. ఫిబ్రవరి ఆఖరులోపు బెర్లిన్ దాటించేస్తారు. దాటితే పదకొండు మందీ లిండ్నర్‌లాగే బెంచీల మీద..."

విజిల్ ఆగింది. మిగతాది ఆయన చేత్తో చూపించాడు.

సుభద్ర గరిటె పక్కన పెట్టింది. "బ్రెమెన్‌లో మా ఛాయాదేవి వాళ్ళాయన కూడా ఉన్నాడాండీ అందులో? చంటిపిల్లాడండీ వాళ్ళకి."

"నీకెవరు చెప్పారే ఇదంతా?"

"విజిల్ నా చేతిలోనే ఉంది కదండీ."

కోటేశ్వరరావు సర్వీసు నిబంధనల్లో భార్యల గురించి ఏమీ లేదని గుర్తు తెచ్చుకుని, చీటీ బల్ల మీద పెట్టాడు.

"ఈ మాట ముఠా కోడ్‌వర్డు. ఇదేం భాషో కనుక్కోడానికి మన సైఫర్ సెక్షన్‌కి తొమ్మిది రోజులు పట్టింది. మొదట కుంభకోణానికి షార్ట్‌ఫామేమో అనుకున్నారు. అక్కడికి ఒక ఆఫీసర్ని కూడా పంపారు, పాపం, కాఫీ బావుందని రిపోర్టు రాశాడు. చివరికి తేలిందేంటంటే ఇది ఐరిష్. బాన్‌లో ఐరిష్ చెప్పేది ఒకే చోట. యూనివర్సిటీలో, గురువారం నాలుగింటికి. చెప్పే పిల్ల పేరు నోరీన్ గాలహర్. నువ్వు వెళ్ళి చేరు. మాట నేర్చుకో. ముఠాలో దూరు."

ఆయన సొరుగులోంచి ఒక పొడుం డబ్బా తీసిచ్చాడు. "కెమెరా. తుమ్మితే ఫొటో పడుతుంది."

"తుమ్ము రాకపోతే సార్?"

"దేశం కోసం తుమ్మలేవా?"

* * *

క్లాసులో నలుగురు. ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ హెర్ హోల్ట్స్, ఇద్దరు నన్‌లు, జగన్మోహన్. నోరీన్ గాలహర్‌కి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎర్రజుట్టు. ఆ జుట్టుకి బాన్‌లో సగం డిప్లొమాటిక్ కోర్ పడి ఉంటుందని ఎంబసీలో టాక్. క్లాసులోకి మాత్రం మోచేతుల దాకా సుద్ద పూసుకుని వచ్చింది.

మూడో వారం బోర్డు మీద అయిదు అక్షరాలు రాసింది. సి, యు, ఎమ్, హెచ్, ఎ.

జగన్మోహన్ పొడుం పీల్చాడు. తుమ్ము రాలేదు.

"దీన్ని ఎలా పలుకుతారు?" అంది.

"కుమ్హ," అన్నాడు హోల్ట్స్, ఒక్క అక్షరాన్నీ వదిలిపెట్టకుండా. పోస్టాఫీసులో నలభై ఏళ్ళు చేసినవాడు, ఏదీ మధ్యలో పోనివ్వడు.

"కూఅ," అంది నోరీన్. "కూ అని సాగదీసి, చివర్న చిన్నగా అ. అంతే. మధ్యలో ఎమ్, హెచ్ పలకవు. వెయ్యేళ్ళ కిందటి ఐరిష్‌లో కుమ అని రాసేవారు, దుఃఖం అని అర్థం. అంతకుముందు ఎక్కడిదో పండితులకే తగువు. ఆ మ-కారం మెల్లిగా మెత్తబడి వ-కారంలా అయింది. తర్వాత ఉత్త గాలి అయింది. తర్వాత లేదు."

"లేకపోతే రాయడం దేనికి?" అన్నాడు హోల్ట్స్.

"మీ ఆవిడ కుర్చీ ఇంట్లోంచి తీసేశారా హెర్ హోల్ట్స్?"

హోల్ట్స్ భార్య పోయి మూడేళ్ళయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తియ్యలేదన్నాడు.

"పుంలింగం," అని ఆమె సుద్దముక్క ఆడించింది. "నాలుగో తరగతి నామవాచకం. అంటే షష్ఠీ విభక్తిలో కూడా రూపం మారదు. ఆ షష్ఠిలో ముందు ఆర్టికల్ తగిలితే మొదటి హల్లు మాత్రం మెత్తబడి ఖూఅ అవుతుంది. ఒళ్ళు అదే, గొంతు బొంగురు పోతుంది. బహువచనం ఉండాలంటే ఉండొచ్చు, కానీ ఎవరూ వాడరు. ఇది ఒక్కొక్కరికి ఒక్కటే వస్తుంది. మా భాషలో నేను దిగులుపడ్డాను అనరు. తా కూఅ ఒరమ్ అంటారు. కూఅ నా మీద ఉంది. ఎవరో దూరమైతే వచ్చి మీద కూర్చుంటుంది, కోటులాగా. మీ భాషల్లో దీనికి మాటుందా?"

హోల్ట్స్ ఒక జర్మన్ మాట చెప్పాడు, ఇంటి నొప్పి అని అర్థం వచ్చేది. నన్‌లు ఆ విషయం దేవుడికి వదిలేశారు.

"బెంగ," అన్నాడు జగన్మోహన్. "పెట్టుకుంటారు."

"ఎక్కడ పెట్టుకుంటారు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు. "చెప్పలేనండి. నేను బయల్దేరేటప్పుడు మా అమ్మ పెట్టుకుంది. ఎక్కడ పెట్టుకుందో కనబడలేదు. అన్నం మాత్రం మానేసింది."

నోరీన్ ఆ మాట తన నోటుబుక్కులో రాసుకుంది. ఒకసారి రాసి, కింద గీత గీసింది.

క్లాసయ్యాక ఆమె మూల ఉన్న స్పిరిట్ స్టవ్ మీద టీ పెట్టింది. హోల్ట్స్‌ని అడిగింది. ఆయన వద్దన్నాడు. ఆమె మరి అడగలేదు, ఆయనా ఏమీ అనుకోలేదు. ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

"మీకు, మిస్టర్ మోహన్?"

"వద్దండి."

"కొంచెం?"

"పర్లేదండి, ఇప్పుడే తాగొచ్చాను." తాగలేదు.

"అర కప్పు తాగండి. పెట్టేశాను కూడా."

"సరే, మీరింతగా చెప్తున్నారు కాబట్టి."

నోరీన్ కెటిల్ కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "మీ ఊళ్ళోనూ ఇంతేనా?"

"మొదటిసారే ఊ అంటే తిండిపోతని అనుకోరూ? మూడోసారి కూడా వద్దంటేనే వద్దని లెక్క."

"ఐర్లండ్‌లో మా డొనెగాల్‌లోనూ అంతే. ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక్కసారే అడిగి తీసేసేవారు. నేను మర్యాదగా రెండోసారి కోసం చూస్తూ కూర్చునేదాన్ని. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను."

"నేను అయిదు," అన్నాడు జగన్మోహన్.

ఆ గురువారం తర్వాత అతను పంపే రిపోర్టులు పొట్టివైపోయాయి. డిసెంబరు చివరికి అన్నిట్లోనూ ఒకటే వాక్యం: నిఘా కొనసాగుతోంది.

నిఘా ఆదివారాలు రైన్ నది ఒడ్డున కూడా కొనసాగింది. ఆమె చేతి తొడుగు ఒకటి అతని జేబులో ఉండేది, చలికని. జనవరిలో అతను తెనాలికి ఒక ఉత్తరం మొదలుపెట్టాడు. నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. అమ్మాయిది మంచి కుటుంబం. వాళ్ళకి భూమి ఉంది. గొర్రెలు కూడా ఉన్నాయి. ఇక్కడ ఆగి, గొర్రెలు కొట్టేసి, పాడి అని రాశాడు. మతం దగ్గరికొచ్చేసరికి పెన్నులో ఇంకు అయిపోయింది. ఇంకు పోసుకోవడానికి ఒక వారం పట్టింది.

* * *

ముఠా నాయకుడు క్రూగర్. హాంబుర్గ్ మనిషి. రెండేళ్ళ కిందట బాన్ వచ్చి పాత పుస్తకాల దుకాణం పెట్టాడు. నోరీన్ వారానికి ఒకసారి ఆ దుకాణానికి వెళ్ళి, పుస్తకం ఏదీ కొనకుండా వస్తోందని జగన్మోహన్ కనిపెట్టాడు. కనిపెట్టి రెండు రాత్రులు నిద్రపోలేదు. అయినా డ్యూటీ డ్యూటీయే. ఒక శుక్రవారం పొద్దున్న ఆ దుకాణంలోకి నడిచాడు.

క్రూగర్ బల్ల వెనక నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముదురు నీలం టై. అది ఎప్పుడూ అదే.

"కూఅ," అన్నాడు జగన్మోహన్. "లిండ్నర్ బదులు నన్ను పంపారు."

క్రూగర్ మెల్లగా తల ఊపి, బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీశాడు. మూతలో కాఫీ వంచాడు. ఆవిరి వచ్చింది. కమ్మని వాసన.

"కాఫీ?"

"వద్దండి," అన్నాడు జగన్మోహన్.

క్రూగర్ కాఫీని మళ్ళీ ఫ్లాస్కులో పోసి మూత బిగించాడు.

జగన్మోహన్ మొహం మాడిపోయింది. బయట మైనస్ ఎనిమిది. ఆ కాఫీ వాసన తెనాలి స్టేషన్ దాకా తీసుకెళ్ళింది అతన్ని. ఇంకొక్కసారి అడిగితే సొమ్మేం పోయింది ఈ మనిషికి. మళ్ళీ కబురు చేస్తానన్నాడు క్రూగర్. సరేనని, గుమ్మం దిగి, చర్చి పక్క సందులో పళ్ళు నూరుకుంటూ నడుస్తుంటే వెనక పరుగు వినబడింది.

నోరీన్. కోటు లేదు. మొహంలో రక్తం లేదు.

"తాగలేదుగా? నేను లోపల అలమార్ల వెనకున్నాను, నాకు కనబడలేదు. తాగలేదుగా?"

"ఎక్కడండీ. ఒక్కసారే అడిగి తీసేశాడు, మర్యాద తెలీని మనిషి."

ఆమె గోడకి ఆనుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసింది. "లిండ్నర్‌కి పోసింది అదే. మాట తెలిసిన ప్రతి కొత్తవాడికీ ఒక కప్పు పోస్తాడు, ముందుజాగ్రత్తకి. తర్వాత ఎంక్వయిరీ."

మర్యాద వల్ల మనిషి ప్రాణం నిలబడ్డం అతను వినలేదు. పోవడం చాలా చూశాడు.

"మీరు ఎవరి తరఫు?" అన్నాడు.

"రెండు నెలల నుంచి మీ చీఫ్ తరఫు. చెప్పలేదా ఆయన?"

"విజిళ్ళు చాల్లేదేమో."

అక్కడే చెప్పేసింది అంతా. క్రూగర్ మొదట్లో ఎవరికీ తెలియని మాట ఒకటి కావాలంటే, తన అమ్మ ప్రతి ఉత్తరం చివరా రాసే మాట ఇచ్చింది. అప్పుడది అనువాదం ఉద్యోగం అనుకుంది. ఇదేం ఉద్యోగమో తెలిసేసరికి అమ్మ పోయింది, మాట ముఠా చేతిలో ఉండిపోయింది. దాన్ని విడిపించుకోవాలని ఎదురుతిరిగింది.

"ఫిల్ము ఎక్కడుంది?"

"అతని టై కొస లోపల. నేనే కుట్టాను. పడుకున్నా విప్పడు. ఫిబ్రవరి పదమూడు గురువారం, పదకొండూ ఇరవై ఎనిమిదికి బెర్లిన్ ఎక్స్‌ప్రెస్. తనే తీసుకెళ్తున్నాడు."

"జర్మన్ పోలీసులకి చెప్తే?"

"వాళ్ళ చేతికి ఫిల్ము వెళ్ళినా ఆ పదకొండు పేర్లు వెళ్ళినట్టేగా." ఆమె చేతులు రుద్దుకుంది. "పదమూడు కార్నివాల్ గురువారం. ఆ రోజు ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకుని తిరుగుతారు. ఎదురొచ్చిన మగాడి టై కత్తిరించి, బదులుగా ముద్దు పెడతారు. చాన్సలర్‌కైనా తప్పదు, కోప్పడితే ఊరంతా నవ్వుతుంది. ఇక్కడివాడెవడూ ఆ రోజు మంచి టై కట్టుకోడు. క్రూగర్ హాంబుర్గ్ వాడు. పోయినేడాది ఆ రోజు ఫ్లూతో పడుకున్నాడు. తెలీదు."

కోటేశ్వరరావు అదే రోజు, ఒంటిగంట లోపే, రెండు విజిళ్ళలో ప్లాన్ ఓకే చేశాడు. మూడో విజిల్‌లో ఇంకోటి చెప్పాడు. "ఆ సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బొంబాయి ఫ్లయిటులో ఆ పిల్లకి సీటు వేయించాను. నీ పక్క సీటే. టై తెగాక ముఠా ఆ పిల్లని బతకనివ్వదు. వస్తుందో రాదో నువ్వే అడుగు."

* * *

పదమూడో తారీకున జగన్మోహన్ డాక్టర్ వేషంలో స్టేషన్‌కి వెళ్ళాడు. తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు, క్రూగర్ గుర్తుపట్టకుండా పెట్టుడు మీసం, టై. జర్మనీలో టై కట్టిన తెలుగువాణ్ణి ఎలాగూ డాక్టరనే అనుకుంటారు కాబట్టి అది అతనికి బాగా నప్పింది. కార్నివాల్ కావడం వల్ల ప్లాట్‌ఫాం మీద అప్పటికే ఇంకో తొమ్మిది మంది డాక్టర్లున్నారు. గుమ్మడికాయ వేషంలో ఉన్న ఒకావిడ వచ్చి కిడ్నీలో రాయి గురించి అడిగింది. నీళ్ళు ఎక్కువ తాగమన్నాడు.

పదకొండూ పదకొండుకి, కార్నివాల్ మొదలయ్యే నిమిషానికి, ఊరంతా కేక వేసింది. కత్తెరలు బయటికొచ్చాయి.

నోరీన్ ముక్కుకి ఎర్రటి బంతి తగిలించుకుని వచ్చింది, విదూషకుల ముక్కు. ముందు ఒక పోర్టర్ టై కత్తిరించి బుగ్గ మీద ముద్దు పెట్టింది. తర్వాత జగన్మోహన్ దగ్గరికొచ్చింది. టై కరకరమని తెగింది. ఆచారం ప్రకారం ఇవ్వాల్సిన ముద్దు ఆచారానికి మించి కొంతసేపు ఉంది. ఎర్రబంతి అతని బుగ్గకి చల్లగా తగిలింది.

"కొసలన్నీ మీరు పట్టుకోండి డాక్టర్," అంది గట్టిగా.

క్రూగర్ రైలు పెట్టె మెట్టు మీద నిలబడి, ఇదేం జబ్బురా ఈ ఊరికని చూస్తున్నాడు. పదకొండూ ఇరవై నాలుగు. ఆమె గెంతుతూ వెళ్ళింది. క్రూగర్ చెయ్యి అడ్డం పెట్టేలోపు కత్తెర పడింది. బుగ్గ మీద ముద్దూ పడింది. చుట్టూ నలభై మంది చప్పట్లు కొట్టారు. నీలం కొస గుంపులో చేతులు మారి జగన్మోహన్ గుప్పిట్లోకి వచ్చింది. లోపల గట్టిగా, సన్నగా తగిలింది, అగ్గిపుల్లంత. పదకొండు ఇళ్ళు, పదకొండు సంసారాలు, బ్రెమెన్‌లో ఒక చంటిపిల్లాడు.

క్రూగర్ కిందికి చూసుకున్నాడు. చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. కోటు కింద పిస్తోలు ఆకారం కనబడింది.

జగన్మోహన్ ఇంకా పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. నోరీన్ క్రూగర్ మోచెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది, నవ్వుతూనే. "పిచ్చివాళ్ళు ఎవరో ఒకరు కత్తిరించేసేవాళ్ళు. అందుకే నేనే తీసేశాను. నా బ్యాగులో ఉంది. నేనూ వస్తాను, హన్నోవర్ లోపు కుట్టేస్తాను."

క్రూగర్ చెయ్యి బయటికి వచ్చింది. ఉత్త చెయ్యి. అతను పెట్టె ఎత్తుకుని కంపార్ట్‌మెంటు లోపలికి వెళ్ళాడు. ఆమె కూడా ఎక్కి, తలుపు దగ్గరే నిలబడింది.

పదకొండూ ఇరవై ఏడు. జగన్మోహన్ తలుపు దగ్గరికి వచ్చాడు.

హన్నోవర్ దాటాక ఆ బ్యాగు తెరిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. క్రూగర్ లోపల పైకి చూసుకుంటూ సామాను సర్దుతున్నాడు. ఒక్క నిమిషం. ఒక్క మెట్టు. దిగితే గుమ్మడికాయలు, డాక్టర్లు, బయట సుభద్రగారు కూర్చున్న కారు.

"దిగిపోండి," అన్నాడు. "నాతో వచ్చెయ్యండి."

"వద్దు," అంది నోరీన్.

గార్డు జెండా ఎత్తాడు. జర్మనీలో జెండా ఎత్తితే ఎత్తినట్టే. జగన్మోహన్ గార్డుని చూశాడు, గడియారాన్ని చూశాడు. ఆమె వద్దంది కదా, ఆలోచించే అని ఉంటుంది, పది మందిలో బలవంతపెడితే బాగుంటుందా అనుకున్నాడు. అయిదేళ్ళుగా ఈ దేశంలో అందరూ చేసినట్టే, చెప్పింది విని తల ఊపాడు.

ఆమె తలుపు వెయ్యలేదు. చెయ్యి పిడి మీదే ఉంది. ఎర్రముక్కు పెట్టుకుని అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు. రైలు కదిలింది. ఆమె ఇంకా చూస్తోంది. ప్లాట్‌ఫాం చివరి స్తంభం దగ్గర గార్డు కేకలేస్తే, అప్పుడు తలుపు వేసుకుంది.

జగన్మోహన్ గుప్పిట్లో టై కొసలతో నిలబడ్డాడు. రైలు చివరి పెట్టె కనుమరుగయ్యాక, ఒక నిమిషం తర్వాత, అతనికి అర్థమైంది. అర్థమై పట్టాల వెంట పరిగెత్తాడు. తెల్లకోటు ఎగురుతుంటే, డాక్టర్ గారు ఎంత బాగా యాక్ట్ చేస్తున్నారో అని జనం చప్పట్లు కొట్టారు.

* * *

ఆ పూట కోటేశ్వరరావు గారింట్లో కుక్కర్ పెట్టలేదు. ఫిల్ము సింకులో కాల్చేశారు. ఫిల్ము లేకుండా క్రూగర్ చేతిలో ఏమీ లేదు. ఆ పదకొండు పేర్లలో ఒక్కటి కూడా కంఠతా పట్టడం అతని వల్ల కాదు, ప్రతి ఇంటిపేరుకీ ఒక ఊరంత పొడుగుంది. ప్లాన్ సక్సెస్.

సాయంత్రానికి బెర్లిన్ నుంచి కబురొచ్చింది. తూర్పు జర్మనీ సరిహద్దు స్టేషన్లో ఇద్దరు మనుషులు ఎర్రజుట్టు అమ్మాయిని దింపి కారులో తీసుకెళ్ళారు. అంతవరకే తెలుసు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అంతవరకే తెలిసింది.

"నువ్వు అడిగావా అబ్బాయ్?" అన్నాడు కోటేశ్వరరావు, గొంతు తగ్గించకుండా.

"అడిగాను సార్. వద్దంది."

సుభద్ర పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "ఎన్నిసార్లడిగావు నాయనా?"

జగన్మోహన్ ఒక వేలు ఎత్తాడు.

ఆవిడ కంచం తెచ్చి అతని ముందు పెట్టి, ఏం కావాలో అడక్కుండానే అన్నం పెట్టి, పప్పు వేసి, కలిపి చేతికిచ్చింది. కింది ఫ్లాట్ ఆవిడ తలుపు తట్టింది, ఇవాళ విజిల్ వినబడలేదు, ఇంట్లో అందరూ క్షేమమేనా అని. కోటేశ్వరరావు గుమ్మం దాకా వెళ్ళి, క్షేమమేనని జర్మన్‌లో అబద్ధం చెప్పాడు. ఆ రాత్రి బొంబాయి ఫ్లయిటులో పక్కపక్క సీట్లు రెండు ఖాళీగా వెళ్ళాయి.

వారం తర్వాత బ్రెమెన్ నుంచి ఛాయాదేవి సుభద్రకి కార్డు రాసింది. బాబు అన్నప్రాశనకి పిలిస్తే జగన్మోహన్ గారు రానేలేదని, అంత పనులేముంటాయండీ లైబ్రరీలో అని.

మార్చిలో ఒక గురువారం నాలుగింటికి అతను ఐరిష్ క్లాసుకి వెళ్ళాడు. టీచర్ లేదు. హోల్ట్స్ ఒక్కడూ ఉన్నాడు, పుస్తకం తెరుచుకుని. క్లాసు రద్దయినట్టు రాతపూర్వకంగా తనకి రాలేదు కాబట్టి వచ్చానన్నాడు. ఇద్దరూ అయిదింటి దాకా కూర్చున్నారు.

"కూఅ ఇవాళ నా మీద ఉంది," అన్నాడు హోల్ట్స్ లేచేటప్పుడు, ఐరిష్‌లో. ఈసారి మధ్య అక్షరాలు పలకలేదు.

ఆ మర్నాడు జగన్మోహన్ మూడు రోజుల సెలవుకి ఫారం నింపాడు. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, బెంగ అని రాశాడు. కోటేశ్వరరావు చూసి కళ్ళజోడు తీశాడు.

"ఇది ఢిల్లీ వాళ్ళ లిస్టులో లేదయ్యా. కొట్టేసి జలుబని రాయి. శాంక్షన్ అవుతుంది."

జలుబని రాశాడు. శాంక్షన్ అయింది.

ప్రభుత్వం దేన్నీ తొందరగా మర్చిపోదు. ఏడాదిన్నర తర్వాత, 1970 సెప్టెంబర్‌లో, ఢిల్లీ నుంచి ఒక మెమో వచ్చింది. సదరు ఉద్యోగికి వచ్చిన జలుబు తగ్గినదా, తగ్గినచో ఏ తేదీన తగ్గినదో తెలుపగలరు. జగన్మోహన్ టైప్‌రైటర్‌లో కాగితం పెట్టి, తగ్గలేదని ఒక్క మాట కొట్టి, తేదీ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాడు. పదిహేను రోజుల్లో జవాబొచ్చింది: అయితే డాక్టరుకి చూపించుకోవలెను.